ముగ్గురాయి చలువ

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున, మేడమీద ఆరబోసిన వడియాలను తిరుగవేయుటకై చెప్పులు లేక పైకెక్కినవారికి, సున్నము కొట్టిన భాగమున ఎట్లో నిలువగలుగుటయు, దాని సరసనే పరచిన రేకుమీద బొటనవ్రేలైనను మోపలేకపోవుటయు అనుభవములోని విషయములే. నిరుడు తొమ్మిదవ తరగతిలో వేడిమిని గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "మాస్టారూ, కొత్త రేకు కూడా తళతళా మెరుస్తూ ఎండని వెనక్కి కొడుతుంది గదండీ, మరి సున్నంకంటే అదెందుకండీ అంతలా కాలుతుంది?" అని అడిగినది. లోహము తన వేడిని పాదమునకు త్వరగా అందించుననియు, అంతే వేడెక్కిన కొయ్యపలక మెల్లమెల్లగా అందించుననియు నేను చెప్పిన సమాధానము సత్యమే గాని సంపూర్ణము కాదు.

మరునాడు ఒకే రేకును రెండు ముక్కలు చేసి, ఒకదానికి చిక్కగా సున్నము పూసి, రెంటిని ఎండుగడ్డిపై పరచి ఎండలో ఉంచితిమి. గంట గడచిన పిమ్మట చేయి ఆనించి చూడగా, లోహమొక్కటే అయినను, పూతలేని ముక్క చుఱుక్కుమన్నది. సున్నపుముక్క ఓర్చుకొనదగినంత వెచ్చగా మాత్రమే ఉన్నది. కావున భేదము లోహములో లేదు, దాని పైపొరలో ఉన్నది.

ప్రతి వస్తువునకు రెండు రంగులు కలవు. కంటికి కనబడు మొదటి రంగు సూర్యుని వెలుగుతో అది నెరపు వ్యవహారమునకు గుర్తు. రెండవది, మన కన్ను ఎరుగని పరారుణపు రంగు, అది తన సొంత వేడిని వెలిగ్రక్కు తీరునకు గుర్తు. సూర్యుని శక్తి దాదాపు అంతయు రెండున్నర మైక్రానులకు లోబడిన తరంగములలో రాగా, మన మేడవంటి వస్తువు వెలువరించు వేడిమి పది మైక్రానుల దాపున ఉండును. సున్నము ఆ మొదటిచోట పాలవలె తెలుపు, ఈ రెండవచోట కాటుకవలె నలుపు. తనలో చేరిన కొద్దిపాటి వేడిని ధారాళముగా విడిచివేయును. రేకు రెండుచోట్లను అద్దమే గనుక, బయటివానిని లోనికి రానీయని ఆ గుణమే లోనివానిని బయటికి పోనీయకున్నది.

ఆ విడిచిన వేడిమి ఎక్కడికి పోవును? ఎనిమిది మొదలు పదమూడు మైక్రానుల వఱకు గల తరంగములను గాలి అంతగా అడ్డగింపదు. ఆ గవాక్షముగుండ అవి సున్నకు దిగువ 270 డిగ్రీల చలిగల అంతరిక్షమునకే చేరును. అలహాబాదులో పూర్వము, రెండడుగుల లోతు గుంటలలో ఎండిన చెఱకుగడలు పరచి, వానిపై లోతు తక్కువైన మట్టిమూకుళ్లలో నీరు పోసి, నిర్మలమైన శీతకాలపు రాత్రులలో మంచుగడ్డ తీసెడివారని రాబర్ట్ బార్కర్ 1775లో వర్ణించెను. నీరు ఆవిరియగుటతోపాటు ఈ గవాక్షము కూడ అందులకు తోడ్పడినది. ఆవిరితో నిండిన కోస్తా ఉక్కలో అది కొంత మూసుకొనిపోవును.

రాత్రి పని సులువు. పగటి లెక్క కఠినము. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు చదరపు మీటరుపై ఇంచుమించు వేయి వాట్లు కురిపించగా, గవాక్షముగుండ మనము పారవేయగలది దాదాపు వంద వాట్లు మాత్రమే. ఎండలో పదింట ఒకవంతు లోనికి చొచ్చినను ఆదాయము వ్యయమును మ్రింగివేయును. నిప్పులు చెరుగు ఎండలోనే చుట్టూ ఉన్న గాలికన్న చల్లబడు ఉపరితలము అసాధ్యమని చాలమంది విడిచిపెట్టినది ఇందువలననే. 2014లో స్టాన్‌ఫర్డులో అశ్వథ్ రామన్, షాన్‌హుయి ఫాన్ ప్రభృతులు వెండిపూతపై హాఫ్నియం ఆక్సైడును, సిలికాను మార్చి మార్చి ఏడు పొరలుగా, మొత్తము రెండు మైక్రానుల మందమునకు లోపుగా అమర్చి, ఎండలో నూటికి తొంబదియేడు పాళ్లు త్రిప్పికొట్టించి, మేడమీద పరిసరపు గాలికన్న 4.9 డిగ్రీలు చల్లబరచిరి.

ఆ పొరల పనితనమునకు చేతులు జోడింపవచ్చును. ఐనను నా మనస్సు పర్డ్యూ విశ్వవిద్యాలయపు షియులిన్ రువాన్ బృందమువైపే మొగ్గును. వారు పొరలు విడిచి, కుంచెతో పూయదగిన రంగును పట్టుకొనిరి. మామూలు తెల్లరంగులోని టైటానియం డయాక్సైడు అతినీలలోహిత కిరణములను మ్రింగును గనుక దానిని తొలగించి, మొదట సుద్దరాయి జాతి కాల్షియం కార్బొనేటుతో ఎండలో నూటికి 95.5 పాళ్లును, 2021లో బేరియం సల్ఫేటుతో 98.1 పాళ్లును త్రిప్పికొట్టించిరి. కిటుకు రేణువుల పరిమాణములో ఉన్నది: ఒకే కొలత రేణువులు ఒక తరంగమునే బాగుగ చెదరగొట్టును, చిన్నవి, పెద్దవి కలగలుపుగా దట్టించినచో ప్రతి తరంగమునకును దానికి తగిన రేణువు ఎదురుపడును.

ఈ బేరియం సల్ఫేటు మనకు అపరిచితమా? కడపసీమ మంగంపేట గనులలో త్రవ్వెడు ముగ్గురాయి అదియే. బహుకాలముగా చమురుబావుల త్రవ్వకమునకు పొడియై పోవుచున్నది.

చలువరంగుల తరువాతి కథ వేగముగా నడచినది. అమెరికాలో పెరటి చెక్క వసారాలకు వాడు పలకలకు, చూపునకు గోధుమవన్నెగానే ఉండి కనబడని సౌరకిరణములను త్రిప్పివేయు రంగులు వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వము 2023లో శీతల పైకప్పుల విధానమునే ప్రకటించినది. దుమ్ము పేరుకొన్నచో తెలుపు మాసి చలువ తగ్గుననునది మాత్రము ఏటేటా సున్నము కొట్టెడి మన పెద్దలు ఎరిగినదే.

కడపనుండి ఒక విద్యార్థి తండ్రి తెచ్చియిచ్చిన ముగ్గురాయి ముక్క, తన పరిమాణమునకు మించిన బరువుతో, ఇప్పుడు మా బల్లమీద ఉన్నది. ఆ బాలిక దానిని రోట నూరి, మూడు జల్లెడలు పట్టుచున్నది. మూడవ రేకుముక్క గడ్డిమీద సిద్ధముగా ఉన్నది.