వెతికేది యంత్రం, తేల్చేది మనిషి

పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి తల్లిదండ్రులు బాసర సరస్వతీ ఆలయానికి రావడం తరతరాల ఆనవాయితీ. అదే ఊళ్లో 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వెలిసింది. పల్లెల్లో పదో తరగతి ముగించిన పిల్లలు ఇక్కడ ఆరేళ్లు చదివి ఇంజనీర్లవుతున్నారు. వారిలో కంప్యూటరు శాఖ ఎంచుకున్నవారికి మరో రకం అక్షరాల పని తప్పదు. వేలాది వరుసల రాతలో ఒక్క మాటను వెతికి పట్టుకోవడమే ఆ పని.

కంప్యూటరు ఏ పని ఎలా చేయాలో మనిషి రాసి ఇచ్చే రాతను సోర్స్ కోడ్ అంటారు. పెద్ద ప్రోగ్రామైతే అది వందల ఫైళ్లలో ఉంటుంది. పాత పహాణీ కట్టల్లో ఒక సర్వే నంబరు కోసం కాగితాలు తిప్పినట్లు ఈ ఫైళ్లను ఒక్కొక్కటే తిప్పాలంటే రోజులు గడుస్తాయి.

2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది. బాసర నిర్మల్ జిల్లాలో చేరింది. పాత జిల్లా పేరే రాసి ఉన్న ఒక దరఖాస్తుల ప్రోగ్రామును సరిచేయాలనుకుందాం. 'ఆదిలాబాద్' అనే మాట ఎక్కడెక్కడ ఉందో ముందుగా తెలియాలి.

ఇందుకు 'గ్రెప్' అనే సాధనం ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఈ సాధనం 1973లో యూనిక్స్‌లో చేరింది. మాట చెబితే అది ఏ ఫైలులో ఉందో చూపుతుంది. అడిగితే ఎన్నో వరుసో కూడా చెబుతుంది. వెతకాల్సిన మాటలు ఇరవై ఉంటే ఇరవైసార్లు టైపు చేయనక్కరలేదు. మాటలన్నీ ఒక ఫైలులో పెట్టి, ఒక్కొక్కటే తీసి గ్రెప్‌కు అందించమని, దొరికిన వరుసలను మరో ఫైలులో చేర్చమని కొన్ని ఆజ్ఞలు రాసి ఉంచితే సరి. ఆ ఆజ్ఞల చీటీయే షెల్ స్క్రిప్టు. ఒకసారి రాసుకుంటే ఎన్నిసార్లయినా పనికొస్తుంది.

అయితే గ్రెప్‌కు తెలిసింది అక్షరాలే, అర్థం కాదు. బాసర పేరును ఇంగ్లీషులో చివర 'ఎ' అక్షరం పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. 'ఎ' పెట్టి వెతికిస్తే రెండో రకం దొరకదు. పెట్టకుండా వెతికిస్తే రెండూ దొరుకుతాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలను, చిన్న అక్షరాలను కూడా అది వేరువేరుగానే చూస్తుంది. ఆ తేడా పట్టించుకోవద్దని ప్రత్యేకంగా చెప్పాలి.

అసలు చిక్కు మాట దొరికిన తర్వాతే. కనబడిన ప్రతి 'ఆదిలాబాద్'నూ 'నిర్మల్'గా మార్చరాదు. ఆదిలాబాద్ పట్టణం, ఆ పేరుగల జిల్లా ఇప్పటికీ ఉన్నాయి. బాసర, భైంసా, ముధోల్‌ల దగ్గర మార్చాలి. బోథ్, ఉట్నూరుల దగ్గర ఉంచాలి. మంచిర్యాల, ఆసిఫాబాద్‌లవి వేరే జిల్లాలు. తొందరపడి అన్నీ ఒక్కసారే మార్చేస్తే బోథ్ రైతు దరఖాస్తు నిర్మల్‌కు పోతుంది. తిప్పట పడేది రైతు.

కనుక జాబితా చేతికి రాగానే ముందు చదవాలి. పాత ఫైళ్ల నకలు భద్రపరచాలి. ఆ తర్వాతే దిద్దాలి. వెతకడం యంత్రానికి క్షణాల పని. ఏ ఊరు ఏ జిల్లాదో తెలిసి దిద్దడానికి ఈ ప్రాంతాన్ని ఎరిగిన మనిషే కావాలి. ఆ మనిషి మన పల్లెల్లో పుట్టిన విద్యార్థే అయితే మరీ మంచిది.