కిటికీ జాలీ ఫ్రేములకు మైటర్ సా: బిగించడం ఎలా, వేళ్ళు కాపాడుకోవడం ఎలా



షెడ్డు కిటికీలకు ఊజీ ఈగ జాలీ కొట్టేటప్పుడు ఫ్రేము మూలల్లో సందు మిగలడం మనందరికీ తెలిసిన బాధే. చేతి రంపంతో 45 డిగ్రీలు సరిగ్గా రాదు. ఆ సందులోంచి ఈగ దూరితే పెద్ద పురుగుల మీద గుడ్డు పెడుతుంది, చేతికొచ్చే పంట పోతుంది. అందుకే మేం నలుగురం కలిసి ఒక కాంపౌండ్ మైటర్ సా కొన్నాం.

కొన్న కొత్తలో మాలో ఒకరు జానెడు కూడా లేని ముక్కను వేళ్ళతో పట్టుకుని కోశారు. ముక్క ఎగిరి బొటనవేలి గోరు ఊడింది. అదీ నాలుగో జ్వరం లేచిన వారంలో! ఆకు కోయాల్సిన రోజుల్లో ఒంటి చేత్తో ఏం చేస్తాం? ఆ తర్వాతే బుద్ధొచ్చింది. మా ఊరి పిల్లవాడు బెంగళూరు కుందలహళ్ళిలో అపార్ట్‌మెంట్లకు ఇంటీరియర్ పని చేస్తాడు. అతని దగ్గర రెండు రోజులు నిలబడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

*మిషన్ ఏం చేస్తుంది*
కింది బల్ల కుడి ఎడమలకు తిరిగితే కట్టె అడ్డంగా ఏటవాలు కోత పడుతుంది. పై తల పక్కకు వంగితే మందంలో ఏటవాలు వస్తుంది. రెండూ ఒకేసారి చేయగలదు కాబట్టి కాంపౌండ్ అన్నారు. మన జాలీ ఫ్రేములకు బల్ల తిప్పితే చాలు. తలను 0 దగ్గర పెట్టి బిగించేయండి.

*బిగించేటప్పుడు* (ప్లగ్ పీకేసి!)
1. గట్టి బల్ల మీద నాలుగు బోల్టులతో బిగించండి. నేల మీద పెట్టి గొంతుక్కూర్చుని కోయొద్దు.
2. బ్లేడు మీది బాణం గుర్తు, మిషన్ మీది బాణం ఒకే వైపు ఉండాలి. బ్లేడు మీద రాసిన ఆర్‌పీఎం మిషన్ ఆర్‌పీఎం కంటే తక్కువ ఉండకూడదు. 10 అంగుళాల బ్లేడుకు 60 పళ్ళైతే ఫ్రేము కోత నున్నగా వస్తుంది.
3. మూలమట్టాన్ని బ్లేడు పళ్ళకు కాకుండా రేకుకు ఆనించి, వెనక గోడతో, బల్లతో 90 డిగ్రీలు ఉందో చూడండి.
4. 45 దగ్గర పనికిరాని కట్టెతో ఒక ఫ్రేము కోసి చూడండి. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా ఉన్నా, ఎనిమిది కోతలకు కలిపి చివరి మూలలో 4 డిగ్రీల సందు పడుతుంది. ఈగకు అది చాలు.
5. పొడుగు కట్టెకు బల్ల ఎత్తులోనే రెండో వైపు ఆసరా పెట్టండి.
6. 15 ఆంప్స్ సాకెట్, మందమైన వైరు వాడండి. ఓల్టేజీ తక్కువున్నప్పుడు మోటారు వేడెక్కుతుంది, ఆపేయండి.

*కోసేటప్పుడు*
- చేయి బ్లేడుకు కనీసం 6 అంగుళాల దూరం ఉండాలి. చేతులు ఒకదాని మీదుగా ఒకటి వేయొద్దు.
- కట్టె వెనక గోడకు ఆనుకునే ఉండాలి. వంకర కట్టెయితే ఉబ్బు వైపు గోడకు పెట్టండి. లేకపోతే బ్లేడు బిగుసుకుంటుంది.
- స్విచ్ వేసి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక మెల్లగా దించండి. కోత అయ్యాక స్విచ్ వదిలి, *బ్లేడు ఆగేదాకా తల పైకెత్తొద్దు.* మా ముక్క ఎగిరింది ఇక్కడే.
- చిన్న ముక్కలు కావాలంటే పొడుగు కట్టెను క్లాంపుతో బిగించి దాన్నుంచే కోయండి.
- మల్బరీ కొమ్మలు, మోళ్ళు దీంట్లో పెట్టొద్దు. గుండ్రటివి దొర్లి చేతిని లాక్కుపోతాయి. పాత చెక్కలో మేకులుంటే ముందు పీకేయండి.
- గ్లౌజులు, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, గాజులు వద్దు. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. బ్లేడు పై కవరు తాడుతో కట్టేసి పని చేయొద్దు.
- పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు. పని అయితే ప్లగ్ పీకండి.

*మన పురుగుల కోసం*
కోత షెడ్డు బయటే, పంట లేనప్పుడే పెట్టుకోండి. పొట్టు ఆకు మీద పడకూడదు. చెదల మందు పట్టించిన కట్టె, మందు వాసన వచ్చే ప్లైవుడ్ జాలీలకూ స్టాండ్లకూ వాడొద్దు, పురుగు తట్టుకోదు. ఫ్రేములు చేసి, బిగించాకే షెడ్డు శుద్ధి చేయండి. బ్లీచింగ్ పౌడర్ చల్లే ముందు మిషన్ బయటికి తీసేయండి, తుప్పు పడుతుంది.

ఫ్రేము బిగించాక షెడ్డు లోపల నిలబడి మూలల వైపు చూడండి. వెలుతురు గీత కనిపిస్తే అది ఈగకు దారి అని గుర్తుపెట్టుకుని మూసేయండి. వేలు పోతే మళ్ళీ మొలవదు, తొందర పడొద్దు.