ఒక్క వికెట్టుతో దక్కిన కప్పు

మారేడ్‌పల్లిలో క్రికెట్ మాట వస్తే జయసింహ దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. ఈ పేటలోని ఒక పెద్దాయన మాత్రం జయసింహ పుట్టకముందు జరిగిన ఆటను తవ్వి తీస్తారు. 1937-38 రంజీ ఫైనల్‌ను ఆయన చూడలేదు. స్కోరు మాత్రం కంఠతా వచ్చు.

బొంబాయిలో హైదరాబాదుకు ఎదురైనది అంతకు ముందటేటి విజేత నవానగర్. తొలి ఇన్నింగ్స్‌లో వారు 152 చేస్తే మనవాళ్లు 113కే చాప చుట్టేశారు. తర్వాత వారు 270 చేయడంతో గెలుపునకు 310 కావలసి వచ్చింది. ఆ ఆటలో అప్పటిదాకా ఏ జట్టూ ఒక ఇన్నింగ్స్‌లో అన్ని పరుగులు చేయలేదు. ఎడుల్జీ ఐబరా 137 పరుగులతో చివరిదాకా నిలిచాడు. తొమ్మిది వికెట్లు పడ్డాక హైదరాబాదు గట్టెక్కింది.

అంతా ఐబరా చలవే అంటే పెద్దాయన ఊరుకోరు. మిగతా 173 పరుగులు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా అని అడుగుతారు. అయితే ఆ 113 మాత్రం ఆయనకు నేటికీ మింగుడుపడదు. అక్కడ కాస్త నిలబడి ఉంటే చివర్లో అంత గండమే ఉండేది కాదట!

జయసింహ కాలంలో, 1964-65లో, ఫైనల్ చేరినా బొంబాయి చేతిలో ఓటమే. రెండో కప్పు 1986-87లో గాని రాలేదు. ఢిల్లీ గడ్డమీద ఢిల్లీనే కాదని తెచ్చిన ఆ కప్పే గొప్పదని కుర్రకారు వాదన. అది తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో వచ్చింది గదా అంటారు పెద్దాయన. వాదన ఇంకా తెగలేదు.