వరద నీటిలో తడిసిన తివాచీలు – ఇంటిల్లిపాది ఆరోగ్యం

వర్షఋతువులో వాతం ప్రకోపిస్తుందనీ, జఠరాగ్ని మందగిస్తుందనీ ఆయుర్వేదం చెబుతున్నది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో ఋతుచర్యను వివరిస్తూ, ఈ కాలంలో ఆవిరి, చలి, తుంపర సోకని మేడమీద నివసించవలెననీ, ధూపం పట్టిన వస్త్రాలు ధరించవలెననీ విధించాడు. నేటి నగరవాసి ఇందుకు పూర్తిగా విరుద్ధంగా భూమట్టానికి దిగువన సెల్లారు కట్టించుకుని, అందులో తివాచీ పరచి, పిల్లల చదువుల గదిగా వాడుకుంటున్నాడు. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడలోనూ ఇళ్ళలోకి నీరు చేరినప్పుడు ఎన్నో కుటుంబాలకు ఎదురైన ప్రశ్న ఒకటే: తడిసిన పరుపులను, తివాచీలను ఉంచుకోవడమా, పారవేయడమా?

ఆ ప్రశ్నకు ముందు రెండు జాగ్రత్తలు. మెయిన్ స్విచ్ కట్టివేయకుండా నీటిలో కాలు పెట్టరాదు. ఆ స్విచ్ నీటిలోనే ఉంటే విద్యుత్ శాఖవారు సరఫరా నిలిపేవరకు ఆగవలెను. నీరు తోడే ఇంజనును సెల్లారులో పెట్టి నడపరాదు. దాని పొగలోని విషవాయువుకు రంగు, వాసన ఉండవు. మనిషి తెలియకుండానే స్పృహ కోల్పోతాడు. బయటి నేల నాని ఉన్నప్పుడు నీటినంతా ఒకేసారి తోడివేస్తే గోడలు బీటలు వారవచ్చు, కావున అంచెలంచెలుగా తోడడం మేలు.

ఇక తివాచీ సంగతి. కిటికీలోంచి కొట్టిన వాన నీరు వేరు, మురుగుకాలువ పొంగి వచ్చిన నీరు వేరు. రెండవదానిలో మలమూత్రాలు, ఎలుకల విసర్జనలు కలిసి ఉంటాయి. అటువంటి నీటిలో నానిన దళసరి తివాచీని, దాని కింది మెత్తను, దూది పరుపును ఎంత ఖరీదైనవైనా వదులుకోవడమే మంచిది. పెళ్ళినాటి పరుపనో, తండ్రిగారు కొన్నదనో మనసొప్పకపోవడం సహజమే. అయితే దానిమీద పసిపిల్లలు పాకుతారనీ, ఉబ్బసం ఉన్న పెద్దలు పడుకుంటారనీ తలచుకుంటే నిర్ణయం సులువవుతుంది.

శుభ్రమైన నీటితో తడిసినదానికి మాత్రం గడువు ఉన్నది. తడి తగిలిన 24 నుండి 48 గంటలలో బూజు మొలకెత్తడం ఆరంభమవుతుంది. కావున ఆదివారం వరకు ఆగుదామనుకోక, వెంటనే ఇద్దరు ముగ్గురు కలిసి తివాచీని చుట్టి, నీరు పిండి, డాబా మీద తీగలకో, పిట్టగోడకో వేలాడదీయవలెను. నేలమీద పరచి ఆరబెడితే పైభాగం మాత్రమే ఆరుతుంది. పూటపూటకూ తిరగవేయవలెను. ఎండ లేని రోజున పంకా గాలి తప్పనిసరి. వరంగల్లు జంపఖానా వంటి నూలు నేతను సబ్బునీటితో ఉతికి ఆరవేస్తే చాలు. ఏలూరు తివాచీ వంటి ఉన్నినేతకు బ్లీచింగు పౌడరు తగిలించరాదు. క్లోరిన్ ఉన్నిని తినివేస్తుంది.

బ్లీచింగు పౌడరు నేలకు ఉపయోగం. ముందుగా బురదను సబ్బునీటితో కడిగివేసి, ఆపైన లీటరు నీటికి 15 గ్రాముల చొప్పున కలిపిన ద్రావణాన్ని పోసి, పది నిమిషాలు ఉంచి కడుగవలెను. దానిలో యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిపితే ఊపిరితిత్తులను దెబ్బతీసే వాయువు పుడుతుంది.

కొందరు పసుపు నీళ్ళు చల్లుతారు. బూజు పోవడం మాట అటుంచి, మరక మాత్రం మిగులుతుంది. వంటసోడా చల్లి దులిపితే వాసన తగ్గుతుంది, కానీ వాసన తగ్గినంత మాత్రాన బూజు చచ్చినట్లు కాదు. సాంబ్రాణి, గుగ్గిలం, వేపాకు ధూపం మన సంప్రదాయంలో ఉన్నదే. వాగ్భటుడు చెప్పినది వస్త్రాలకు ధూపమే గాని, తడి తివాచీని పొగతో ఆర్పమని కాదు. పూర్తిగా ఆరిన పిమ్మట, తలుపులు తెరచి, ఉబ్బసం రోగులను, చంటిపిల్లలను ఆవలికి పంపి కొద్దిసేపు వేయవచ్చు. మూసిన గదిలో దట్టంగా వేస్తే మేలుకన్నా కీడే అధికం.

తివాచీ ఆరినదో లేదో చేయి తాకించి తేల్చలేము. పాత వార్తాపత్రికను దానిమీద పరచి, పైన పీట బోర్లించి, బరువు ఉంచి, మరునాడు చూడవలెను. కాగితం మెత్తబడితే ఇంకా తడి ఉన్నట్లే. సెల్లారు నేలకూ ఇటువంటి పరీక్ష ఉన్నది: ప్లాస్టిక్ కాగితం అంచులు అంటించి ఒక దినం ఉంచితే, నేలలోని చెమ్మ దాని అడుగున చెమటవలె పడుతుంది. అది కనబడినంతకాలం అక్కడ తివాచీ పరచరాదు. నా అభిప్రాయంలో సెల్లారుకు ఉతకడానికి వీలైన జంపఖానాయే తగినది.

ఈ పని చేసేవారు రబ్బరు బూట్లు, చేతితొడుగులు ధరించి, ముక్కుకు మాస్కు కట్టుకోవలెను. పని ముగిశాక సబ్బుతో స్నానం చేసి, వేపాకు కషాయంతో కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులను పొడిగా తుడుచుకుంటే నాని పుండ్లు పడవు. శొంఠి, మిరియాలు, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. మేకు గుచ్చుకున్నా, గాయమైనా ధనుర్వాతం సూదిమందు విషయమై ఆనాడే వైద్యుని అడుగవలెను. రెండు మూడు వారాలలో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళ ఎరుపు కనిపిస్తే అది ఎలుకల జ్వరం కావచ్చు. కషాయాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళి, వరద నీటిలో తిరిగిన సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను.