గడ్డి నదిలో పరాయి పాములు

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం దక్షిణ కొసన ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల ఉంది. లోతు తక్కువైన నీళ్లు మైళ్ల వెడల్పున, కదులుతున్నాయో లేదో తెలియనంత మెల్లగా సముద్రంవైపు సాగుతుంటాయి. పైన మనిషెత్తు గడ్డి. దాని ఆకు అంచు తగిలితే చర్మం తెగుతుంది. గడ్డి నది అని ఆ చిత్తడి నేలకు పేరు. 1947లో అందులో కొంత భాగం నేషనల్ పార్కు అయింది. ఆ నేలకు సంబంధం లేని పాములూ, బల్లి జాతులూ ఇప్పుడు అక్కడ స్థిరపడి పిల్లల్ని పెడుతున్నాయి. వాటి సంగతులు కొన్ని చూద్దాం.

తుఫాను మీద నింద

ఆగ్నేయాసియాకు చెందిన బర్మా కొండచిలువ ఎవర్‌గ్లేడ్స్‌లో మొదటిసారి 1979లో దొరికింది. అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతోందని 2000 నాటికి అధికారికంగా ఒప్పుకున్నారు. 1992లో ఆండ్రూ తుఫానుకు హోమ్‌స్టెడ్ దగ్గర పాముల పెంపక కేంద్రం కూలిపోయి, అందులోవి బయటపడ్డాయనే కథ బాగా ప్రచారంలో ఉంది. కేంద్రం కూలింది నిజమే. కానీ అంతకు 13 ఏళ్ల ముందే అడవిలో పాము కనబడింది కదా, తప్పంతా తుఫాను మీదికి నెట్టడం న్యాయం కాదు. పెంపుడు జంతువుల దుకాణంలో కొన్నప్పుడు రెండడుగులుండే పిల్ల నాలుగైదేళ్లలో పదడుగులు దాటుతుంది. మేపలేక, ఇంట్లో ఉంచుకోలేక కాలువ గట్టున వదిలేసిన చేతులే దీనికి మూలం. దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను ప్రభుత్వం నిషేధించింది 2012లో. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

కనబడని జంతువుల లెక్క

పాములు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం కాబట్టి, శాస్త్రవేత్తలు వాటి ఆహారాన్ని లెక్కపెట్టారు. పార్కు రోడ్ల మీద రాత్రిళ్లు కారులో తిరుగుతూ కనబడిన ప్రతి జంతువునూ రాసుకున్నారు. 1990ల నాటి లెక్కలతో పోల్చి 2012లో ఫలితం ప్రకటించారు. రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లులు 87.5 శాతం తగ్గాయి. కుందేళ్లయితే ఒక్కటీ కనబడలేదు.

ఇదంతా పాముల పనేనా అన్న అనుమానం తీర్చుకోవడానికి మరో బృందం చిత్తడి కుందేళ్లకు రేడియో పరికరాలు కట్టి పార్కులో వదిలింది. ఏడాది తిరగకముందే చచ్చిపోయిన వాటిలో 77 శాతం కొండచిలువ కడుపులోకే వెళ్లాయి. ఈ అంకె చదివాక ఆ నిశ్శబ్దమైన రోడ్ల గురించి ఆలోచిస్తే బాధ కలగక మానదు.

అక్కడితో అయిపోలేదు. పెద్ద జంతువులు కరువైన చోట ఒక జాతి దోమ ఎలుకలను ఎక్కువగా కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఎలుకల్లోనే ఎవర్‌గ్లేడ్స్ వైరస్ ఉంటుంది, అది మనిషికీ సోకగలదు. ఇక ఆసియా నుంచి కొండచిలువలతో పాటు వచ్చిన ఊపిరితిత్తుల పరాన్నజీవి స్థానిక గిలక పాములకు అంటుకుని ప్రాణాలు తీస్తోంది.

కాలి కిందే ఉన్నా కనబడదు

గోధుమరంగు ఒంటి మీద ముదురు మచ్చలు, వాటి చుట్టూ నల్లటి అంచు. ఎండుగడ్డిలో, నీడలో ఆ ఒళ్లు పూర్తిగా కలిసిపోతుంది. ఒంట్లో రేడియో పెట్టిన పామును వెతుక్కుంటూ వెళ్లిన పరిశోధకులకు, సంకేతం సరిగ్గా కాళ్ల దగ్గర నుంచే వస్తున్నా, పాము కనబడని సందర్భాలున్నాయి. నూరు పాములున్న చోట ఒకటి కంటబడటం కూడా కష్టమేనని అంచనా. అందుకే వేటగాళ్లు వేసవి రాత్రుళ్లలో, బండి మీద లైట్లు బిగించుకుని, కాలువ గట్ల వెంట నెమ్మదిగా పోతారు. వెలుగులో నూనె రాసినట్టు మెరిసే చర్మం కోసమే వాళ్ల చూపంతా. దొరికినప్పుడు పాము గట్టిగా బుసకొడుతుంది, భరించలేని కంపు వదులుతుంది, చేతిని చుట్టేస్తుంది. విషం లేదు కానీ వెనక్కి వంగిన పళ్లతో కరిస్తే, చెయ్యి లాక్కునేకొద్దీ గాయం పెద్దదవుతుంది. తల వెనుక పట్టుకుని, అది అలిసిపోయేదాకా ఓపిక పట్టి, గుడ్డ సంచిలోకి దించుతారు.

ఇరుళల విద్య

2013లో ఫ్లోరిడా ప్రభుత్వం కొండచిలువల వేట పోటీ పెడితే సుమారు 1,600 మంది పేర్లిచ్చారు. నెల రోజుల్లో దొరికినవి 68. నాలుగేళ్ల తర్వాత, 2017 జనవరిలో, తమిళనాడు నుంచి ఇరుళ తెగ పెద్దలు ఇద్దరు వచ్చారు: మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్. రెండు వారాలలోపే 13 కొండచిలువలను పట్టారు. కీ లార్గో ద్వీపంలో, పాడుబడ్డ క్షిపణి స్థావరంలో దాక్కున్న 16 అడుగుల ఆడపాము వాటిలో ఒకటి.

వాళ్లు రోడ్ల మీద వెతకలేదు. నేరుగా పొదల్లోకి దిగి, కుబుసం ముక్క, రెట్ట, నేల మీద బరువైన ఒళ్లు ఈడ్చుకుపోయిన జాడ చూసుకుంటూ నడిచారు. తరతరాలుగా పాములు పట్టి బతికిన తెగ వాళ్లది. ఇప్పుడు చెన్నై దగ్గర వాళ్ల సహకార సంఘం విరుగుడు మందు తయారీకి పాము విషం అందిస్తోంది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. నా దృష్టిలో ఆ ఏడాది పద్మ పురస్కారాల్లో ఇంతకంటే సముచితమైనవి తక్కువ.

విశాఖపట్నం నుంచి వెళ్లిన పాము

ఫ్లోరిడాలో పరాయి పాము అనగానే కొండచిలువే గుర్తొస్తుంది. అక్కడి తోటల్లో మట్టి తవ్వితే మరొకటి బయటపడుతుంది. జానెడు పొడవు కూడా లేని నల్లటి గుడ్డి పాము. చూసినవాళ్లు వానపామే అనుకుంటారు. శాస్త్రానికి దీన్ని మొదట పరిచయం చేసింది మన తీరమే. ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ 1796లో అచ్చువేసిన కోరమాండల్ పాముల పుస్తకంలో దీన్ని ‘రెండు తలల పాము’ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే.

ఈ జాతిలో అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడతాయి. అంటే పూలకుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, అవతలి ఒడ్డున ఒక వంశం మొదలవుతుంది. చీమల, చెదల గుడ్లు, పిల్లలు తిని బతుకుతుంది. దీన్ని ఎవరూ వేటాడరు.

మన చుట్టరికం ఇంకొకటి ఉంది. అమెరికా శాస్త్రవేత్తలు సుమారు 400 కొండచిలువల జన్యువులు పరీక్షిస్తే 13 పాముల్లో భారత కొండచిలువ రక్తం కనబడింది. మన నల్లమలలో తిరిగే జాతి అదే.

ఆ ఒంటి గొప్పతనం

నష్టం ఎంత చేసినా ఆ ప్రాణి శరీరం అద్భుతమైనదే. పెద్ద భోజనం మింగిన రెండు మూడు రోజుల్లో కొండచిలువ గుండె 40 శాతం దాకా పెరుగుతుంది, అరిగాక మళ్లీ తగ్గుతుంది. తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు వణికించి వేడి పుట్టించి పొదుగుతుంది. పట్టిన చోటి నుంచి 20, 30 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదిలినా నెలల తరబడి ప్రయాణించి దాదాపు మొదటి చోటికే చేరాయని 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం చెప్పింది.

ఫ్లోరిడాలో దొరికిన వాటిలో పొడవైనది 19 అడుగులు, 2023లో. బరువైనది 97 కిలోలు. కడుపులో 122 గుడ్లు, జింక గిట్టలు ఉన్నాయి. దాన్ని పట్టించింది మరో కొండచిలువ. మగపాముల ఒంట్లో రేడియో పెట్టి వదిలితే జతకట్టే కాలంలో అవి ఆడపాముల దగ్గరికి దారి చూపిస్తాయి. ఇప్పటివరకు కనిపెట్టిన ఉపాయాల్లో ఇది గట్టిది. 2025లో సౌరశక్తితో వేడెక్కి కదిలే బొమ్మ కుందేళ్లను కూడా ఎరగా పెట్టారు.

స్థానిక జంతువులూ ఊరుకోలేదు. 2021లో ఒక బాబ్‌క్యాట్ కొండచిలువ గూడు మీద పడి గుడ్లు తినడం కెమెరాకు చిక్కింది.

బల్లుల బలగం

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన టేగు అనే బల్లి నాలుగడుగుల దాకా పెరుగుతుంది. తాబేళ్లవి, పక్షులవి, చివరికి మొసళ్లవి కూడా, ఏ గుడ్డునూ వదలదు. జతకట్టే కాలంలో రాత్రిళ్లు తన ఒంటిని పరిసరాలకన్నా 10 డిగ్రీల దాకా వేడిగా ఉంచుకోగలదు. కాబట్టి చలి దాన్ని దక్షిణ ఫ్లోరిడాకే కట్టేస్తుందని నమ్మడానికి లేదు. కేప్ కోరల్ ఊరి కాలువ గట్లలో ఆఫ్రికా నైలు ఉడుములు తిరుగుతాయి.

ఇగ్వానా అనే బల్లికి మాత్రం చలి పడదు. 2020 జనవరిలో చెట్ల మీద నుంచి ఇగ్వానాలు రాలిపడొచ్చని మయామీ వాతావరణ కార్యాలయం హెచ్చరించింది. అవి చచ్చినవి కావు, బిగుసుకుపోయినవి. జాలిపడి కారులో వేసుకుంటే వెచ్చదనానికి లేచి పరుగులు పెడతాయి.

వీటన్నిటి మధ్య ఒక చిన్న ధైర్యం. క్యూబా గోధుమరంగు ఆనోల్ తొండ వచ్చి పడితే స్థానిక ఆకుపచ్చ ఆనోల్ చెట్ల పైకొమ్మలకు మారింది. పదిహేనేళ్లలోనే దాని కాలివేళ్ల మెత్తలు పెద్దవై, నున్నటి కొమ్మలను పట్టుకోవడానికి వీలుగా మారాయి.

ఫ్లోరిడాలో ఉన్న తెలుగువాళ్లు ఇలాంటి ప్రాణి కనబడితే దూరం నుంచే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, ఆ రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి చెప్పండి. పెంచలేని జంతువును పెనాల్టీ లేకుండా అప్పగించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఇక్కడున్నవాళ్లకు ఒక మనవి. హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో పిల్లలు ముచ్చటపడే ఎర్రచెవుల తాబేలు అమెరికాలోని మిసిసిపీ ప్రాంతానిది. బొటనవేలంత పిల్ల దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. కొనేముందు ఆ సంగతి అడగండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే చెరువులో మాత్రం వదలకండి. అటవీ శాఖ వాళ్లనో, జూ వాళ్లనో అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి.