నేలపట్టు గూడబాతులు

సూళ్లూరుపేటకు ఉత్తరమున, దొరవారిసత్రము చేరువనున్న నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షితస్థలమైనది. ఈశాన్య ఋతుపవనము చెరువును నింపగానే గూడబాతులు వచ్చి, నీట నిలిచిన కడపచెట్లపై గూళ్లు కట్టును. మొదట నీరున్నంతకాలము నక్క చెట్టు దరికి రాజాలదు. అయితే ఇంతేసి పక్షులకు చెరువు చేపలు చాలవు. సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న పులికాట్ సరస్సునకు వేటకు పోవును.

దుర్భిణితో చూడుడు: తిరిగివచ్చు పక్షి ముక్కు క్రింది తోలుసంచి ఖాళీగానే యుండును. మరి పిల్లలకు తిండి యెక్కడిది? ఆ సంచి చేపలు మోయు బుట్ట కాదు, పట్టు వల. సంచిలోని నీటిని వదలివైచి, చేపలను అక్కడనే మ్రింగును. గూటికి వచ్చి కక్కగా, పిల్లలు ఆ నోటిలో తల దూర్చి తినును.

రెట్టలు కలిసిన చెరువునీరు పొలములకు ఎరువు. రైతులు ఈ పక్షులను బెదరింపరు. చెరువు నిండని యేట గూళ్లు అరుదు.