13 గదుల్లో 26 జిల్లాలు: అర్రేలపై అపోహలు – వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో జావా కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల్ని అర్రేకీ అర్రేలిస్ట్‌కీ తేడా ఏమిటని అడగండి. "అర్రే సైజు ఫిక్స్‌డ్, లిస్ట్ సైజు పెరుగుతుంది" అని ఠక్కున చెప్పేస్తారు. జవాబు తప్పు కాదు. కానీ చదువు అక్కడే ఆగిపోతోంది. బెంగళూరులోనో చెన్నైలోనో ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు "ఎలా పెరుగుతుంది?" అని అడిగితే, బట్టీ పట్టిన ఆ వాక్యం ఆదుకోదు. అందుకే ఈ అపోహల్ని మొదట్లోనే వదిలించుకోవాలి.

మనకు తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుపతి జిల్లా పుట్టింది ఆ రోజే. అప్పటిదాకా జిల్లాల పేర్లను 13 గదుల అర్రేలో పెట్టుకుని నడుస్తున్న ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకోండి.

అపోహ: అర్రే నిండితే చివర ఇంకో గది తగిలిస్తే చాలు.

వాస్తవం: జావాలో అర్రేను సృష్టించిన క్షణంలోనే దాని పొడవు ఖాయమైపోతుంది. గదులన్నీ ఒకదాని పక్కన ఒకటిగా ఉండాలి కాబట్టి దానికి కావలసినంత చోటు ముందే కేటాయిస్తారు. ఆ పక్క చోటులో అప్పటికే వేరే డేటా ఉండొచ్చు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక 13 గదుల నంబర్లు 0 నుంచి 12 వరకే. 13వ నంబరు గదిలో "తిరుపతి" పెట్టబోతే ఇండెక్స్ హద్దు దాటిందని జావా ఎక్సెప్షన్ విసురుతుంది. అప్పుడున్న దారి ఒక్కటే. 26 గదులతో కొత్త అర్రే తయారుచేసి, పాత పేర్లన్నీ అందులోకి కాపీ చేసి, వేరియబుల్‌ను కొత్తదాని వైపు తిప్పాలి. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు. ప్రోగ్రామ్‌లో మరెక్కడైనా ఇంకో వేరియబుల్ పాత అర్రేనే పట్టుకుని ఉంటే, దానికి ఇప్పటికీ 13 జిల్లాలే కనిపిస్తాయి.

అపోహ: అర్రేలిస్ట్‌కు ఈ కాపీ బాధ లేదు, అది తనంతట తానే సాగుతుంది.

వాస్తవం: తిరుమలలో వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లు నిండితే క్యూ బయటికి, శిలాతోరణం వైపు సాగుతుంది. అర్రేలిస్ట్ కూడా అలాగే సాగుతుందని చాలామంది ఊహించుకుంటారు. కానీ దాని లోపల ఉన్నది మామూలు అర్రేనే. అది నిండగానే దాదాపు ఒకటిన్నర రెట్ల కొత్త అర్రే కట్టి, ఉన్నవాళ్లందరినీ అదే వరుసలో అందులోకి మార్చి, కొత్తగా వచ్చినవారిని చివర చేరుస్తుంది. మనం చేతితో చేయాల్సిన పనిని అది తెరవెనుక చేస్తోంది, అంతే.

లెక్క వేసి చూడండి. లిస్ట్‌ను 13 గదులతో మొదలుపెట్టి జిల్లాల్ని ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే, 14వ పేరు దగ్గర లోపలి అర్రే 19 గదులవుతుంది. 20వ పేరు దగ్గర 28 అవుతుంది. 26 జిల్లాలూ చేరాక రెండు గదులు ఖాళీగా మిగులుతాయి. ఈ మొత్తం పనిలో కాపీ జరిగింది రెండే సార్లు, మొదట 13 పేర్లు, తర్వాత 19, కలిపి 32. అలా కాకుండా కొత్త పేరు వచ్చిన ప్రతిసారీ ఒక్క గదే పెంచుతూ పోయి ఉంటే 247 పేర్లు కాపీ చేయాల్సి వచ్చేది. ఒకేసారి ఎక్కువ గదులు ఎందుకు పెంచుతారో ఈ రెండు అంకెలే చెబుతాయి. లిస్ట్ చివర కలపడం వేగంగా సాగుతుందనడానికి కారణం కూడా ఇదే. కాపీ అసలు ఉండదని కాదు, అరుదుగా ఉంటుందని. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. సిలబస్ ఎంత తొందరలో ఉన్నా బోర్డు మీద ఈ లెక్క ఒకసారి వేసి చూపించాలి.

అపోహ: 26 అని చెప్పి లిస్ట్ సృష్టిస్తే అందులో 26 గదులు వాడకానికి సిద్ధంగా ఉంటాయి.

వాస్తవం: ఆ 26 కెపాసిటీ మాత్రమే. సైజు ఇంకా సున్నాయే. సున్నా నంబరు గదిలో విలువ మార్చమని సెట్ పిలిచినా ఎక్సెప్షనే వస్తుంది. ముందు యాడ్ చేయాలి. అలాగే రిమూవ్ చేస్తే సైజు తగ్గుతుంది, లోపలి అర్రే మాత్రం చిన్నదవదు.

అపోహ: రిమూవ్‌కు ఏ విలువ ఇస్తే ఆ విలువను తీసేస్తుంది.

వాస్తవం: ఇంటిజర్ లిస్ట్‌లో ఇది కొత్తవాళ్లను బాగా ఏడిపిస్తుంది. తిరుపతి 517501, తిరుమల 517504, చిత్తూరు 517001 పిన్‌కోడ్‌లను లిస్ట్‌లో పెట్టి, 517501ని రిమూవ్ చేయమని రాయండి. జావా దాన్ని విలువగా చూడదు, గది నంబరుగా చూస్తుంది. మూడే ఉన్న లిస్ట్‌లో అయిదు లక్షల పదిహేడు వేల పైచిలుకు నంబరు గది ఎక్కడుంటుంది? ప్రోగ్రామ్ ఆగిపోతుంది. విలువనే తీసేయాలంటే దాన్ని ఇంటిజర్ వస్తువుగా మార్చి ఇవ్వాలి.

అపోహ: లిస్ట్ వచ్చాక అర్రేకు కాలం చెల్లింది.

వాస్తవం: అర్రేలిస్ట్ జావా 1.2తో 1998లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటివరకూ అది అర్రే మీదే నిలబడి ఉంది. శేషాద్రి నుంచి వెంకటాద్రి దాకా ఏడుకొండల పేర్లు దాచుకోవాలంటే అర్రే చాలు, ఎందుకంటే ఆ ఏడు ఎనిమిది కావు. లక్షల అంకెలతో లెక్కలు చేయాల్సి వచ్చినా అర్రేకే మొగ్గు. ఇంట్ అర్రేలో అంకెలు నేరుగా కూర్చుంటాయి. అర్రేలిస్ట్‌లో ఉండేవి ఇంటిజర్ వస్తువుల చిరునామాలు, కాబట్టి మెమరీ ఎక్కువ పడుతుంది. ఎన్ని వస్తాయో తెలియనప్పుడు, మధ్యలో పెరుగుతాయనో తగ్గుతాయనో అనుమానం ఉన్నప్పుడు నిస్సందేహంగా లిస్టే వాడండి. జిల్లాల పేర్లకు అదే సరైనది.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు. మీ ఎడిటర్‌లో కంట్రోల్ బటన్ నొక్కి పట్టుకుని అర్రేలిస్ట్ అన్న పేరు మీద క్లిక్ చేస్తే, జేడీకేతో వచ్చే దాని అసలు కోడ్ తెరుచుకుంటుంది. అందులో గ్రో అనే మెథడ్ వెతికి చదవండి. కొన్ని లైన్లే ఉంటుంది, మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా అర్థమవుతుంది. తర్వాత ఇంటర్వ్యూకి వెళ్లండి.